దూడా, పలుపూ, గుంజా

అందరికీ నమస్కారం. చలి బాగానే ఉంది, అయినా మఫ్లర్లు చుట్టుకుని ఆరున్నరకల్లా వచ్చి కూర్చున్నారు, సంతోషం. వెనక వాళ్లకి వినపడుతోందా? మైకు కాస్త కీచుమంటోంది, సర్దుకోండి.

ముందే చెప్పేస్తాను, నేను గురువునీ కాదు, స్వామినీ కాదు. ముప్పై మూడేళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి, అందులో సగం కాలం క్యాష్ కౌంటర్లోనే గడిచింది. డిసెంబరు 21ని ప్రపంచ ధ్యాన దినోత్సవంగా ఐక్యరాజ్యసమితి 2024లో ప్రకటించింది కదా, ఆ సందర్భంగా ఎవరైనా నాలుగు మాటలు చెప్తే బాగుంటుందని మన వాకర్స్ మిత్రులు అనుకున్నారట. ఈ పార్కులో రోజూ కళ్లు మూసుకుని కూర్చునే మనిషి కోసం వెతికితే నేను దొరికాను. ఇంతకుముందు వాళ్లు నేను కునుకు తీస్తున్నానని అనుకునేవారట, అది వేరే సంగతి. అప్పుడప్పుడు నిజమే కూడా.

నాతో చాలామంది అనే మాట ఒకటుంది. "కూర్చుంటే ఆలోచనలు ఆగవండీ, నాకు ధ్యానం కుదరదు." అయ్యా, ఆ ఆలోచనలు మీరు కూర్చోకముందూ ఉన్నాయి. టీవీ మోతలో, ఫోన్ గోలలో వినపడలేదు, అంతే. కూర్చున్నాక వినపడ్డాయంటే పని మొదలైందన్నమాట. ఈ ఫిర్యాదు మీతోనే మొదలవలేదు, గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు చేసిందీ ఇదే. ఈ మనసును పట్టడం గాలిని పట్టడంలా ఉంది కృష్ణా అంటాడు. కృష్ణుడు ఛీ అనలేదు, నువ్వన్నది నిజమే, అయితే అభ్యాసంతోనూ వైరాగ్యంతోనూ పట్టుబడుతుంది అన్నాడు. పతంజలి యోగసూత్రాల్లోనూ మనసు సంగతి వచ్చేసరికి సరిగ్గా ఆ రెండు మాటలే ఉన్నాయి. వైరాగ్యం సంగతి నేను మాట్లాడను, నాకంత అర్హత లేదు. అభ్యాసం గురించైతే కాస్త తెలుసు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నోట్లు లెక్కపెట్టే మిషన్లు లేవు. వంద నోట్ల కట్ట చేత్తోనే లెక్కపెట్టాలి. తడి స్పాంజి మీద వేలు అద్దుకుంటూ ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది అంటుండగా అవతల నుంచి ఒకాయన "సార్, పాస్‌బుక్ ఎంట్రీ ఎక్కడ వేస్తారు?" అంటాడు. అంతే. ఇప్పుడు చేతిలో ఉన్నది నలభయ్యా, నలభై ఒకటా? అనుమానం వచ్చిందంటే ఒకటే దారి, కట్ట బల్ల మీద తట్టి, మళ్లీ ఒకటి నుంచి. విసుక్కుంటే రెండోసారీ తప్పుతుంది. సాయంత్రం క్యాష్ తక్కువొస్తే మన జేబులోంచే కట్టాలి కాబట్టి, విసుక్కోకుండా మళ్లీ మొదలుపెట్టడమనే విద్య నాకు భక్తితో కాదు, భయంతో వచ్చింది. తర్వాత ఎప్పుడో ధ్యానం నేర్చుకుంటే, చెప్పేవాళ్లు అచ్చంగా ఇదే చెప్పారు. శ్వాస ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టు, తప్పిపోతే మళ్లీ ఒకటి. ఓస్, ఇదా అనుకున్నాను. రెండు నిమిషాల్లోనే తెలిసింది ఇదేం పనో. నాలుగు దాటలేకపోయాను.

విసుద్ధిమగ్గమని పాత బౌద్ధ గ్రంథం ఒకటుంది, పదిహేను వందల ఏళ్ల నాటిది. అందులో ఒక పోలిక నాకు చాలా ఇష్టం. పొగరుబోతు దూడని మచ్చిక చేయాలంటే గోపాలకుడు గుంజ పాతి పలుపుతో దానికి కట్టేస్తాడు. అది అటు లాగుతుంది, ఇటు లాగుతుంది, తెంపుకోలేదు, చివరికి ఆ గుంజ దగ్గరే పడుకుంటుంది. శ్వాస గుంజ, మనసు దూడ, ఎరుక పలుపు. పల్లెల్లో పెరిగిన వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, పలుపు మరీ పొట్టిగా కడితే దూడ మెడకి చుట్టుకుంటుందనీ తెలుసు. మొదటి రోజే గంటసేపు కదలకుండా కూర్చుంటానని పంతం పట్టేవాళ్లు చేసేది ఆ పనే.

ఆ గుంజ శ్వాసే అయి ఉండాలని కూడా లేదు. మా నాయనమ్మకి రామకోటి పుస్తకం గుంజ. మధ్యాహ్నం అన్నాలయ్యాక వసారాలో గోడకి చేరబడి, కాడ విరిగిన కళ్లద్దాలు దారంతో చెవికి తగిలించుకుని, గడికొక శ్రీరామ రాసుకుంటూ పోయేది. మధ్యలో "ఒరే, పిల్లి పాలగిన్నె దగ్గర చేరింది చూడు" అని కేకేసేది గానీ పెన్ను ఆగేది కాదు. ఇది ధ్యానమే నాయనమ్మా అని ఎవరైనా అని ఉంటే నవ్వేసేది. బ్యాంకు బుద్ధి కదా, ఒకసారి లెక్కేశాను. రోజుకి వెయ్యి నామాలు రాస్తే కోటికి 10,000 రోజులు, అంటే ఇరవై ఏడేళ్ల పైచిలుకు. ఆవిడ కోటి పూర్తి చేయలేదు. రాసినంత మేరకు పుస్తకాలు భద్రాచలం వెళ్లేవాళ్లతో పంపించాం. కోటి అవుతుందా కాదా అని ఆవిడ ఎన్నడూ టెన్షన్ పడగా నేను చూడలేదు, ఆ గంటసేపు ఆవిడ ముఖం మాత్రం నాకింకా గుర్తుంది.

జపమాల తిప్పేవాళ్లది ఇదే పని, 108 పూసలు, మేరుపూస దగ్గరికొస్తే దాటకుండా వెనక్కి తిప్పుకుంటారు. ఏమీ వద్దనుకున్నవాళ్లకి అజపజపం ఉంది, లోపలికి వచ్చే గాలి "సో", బయటికి పోయే గాలి "హం". మనిషి రోజుకి 21,600 సార్లు ఊపిరి తీస్తాడని, అదంతా తెలియకుండా జరిగే జపమేనని మన పెద్దలు లెక్క చెప్పారు. నిమిషానికి పదిహేను చొప్పున వేసుకోండి, సరిగ్గా అంతే వస్తుంది. ఇప్పటి డాక్టర్లు చెప్పే పన్నెండు నుంచి ఇరవై మధ్యలోనే ఉంది చూశారా.

ఇక నా సంగతి. రిటైరయ్యాక పది రోజుల విపశ్యన కోర్సుకి వెళ్లాను, అంటే ఊపిరినీ ఒంట్లో కలిగే స్పర్శల్నీ ఉన్నవి ఉన్నట్టు గమనించే ధ్యానం. మన దగ్గర ఇలాంటి చోట్లకి కొదవ లేదు. నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మఖేత్త ఉంది, కడ్తాల్‌లో పిరమిడ్ ఉంది, చేగూరు దగ్గర కాన్హా శాంతివనం ఉంది, పద్ధతులు వేరు వేరు. విపశ్యనని మళ్లీ మన దేశానికి తెచ్చిన గోయెంకా గారు 1924లో బర్మాలోని మాండలేలో పుట్టిన వ్యాపారి, విపరీతమైన తలనొప్పితో బాధపడుతూ ఈ దారికి వచ్చారు. ఆయనకి నేర్పిన ఊ బా ఖిన్ బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్, అంటే మా లెక్కల కులమే, అందుకే నాకు నమ్మకం కుదిరింది! 1969లో బొంబాయిలో మొదటి శిబిరం జరిగింది, ఇప్పటికీ కోర్సుకి ఫీజు లేదు, పూర్తయ్యాక ఇవ్వాలనిపిస్తే ఇస్తారు.

పొద్దున నాలుగింటికి గంట, మాటల్లేవు, ఫోన్ ముందే తీసేసుకుంటారు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరి చూడటమే పని. రెండో రోజు మధ్యాహ్నానికి నేను మా అపార్ట్‌మెంట్ బోరు మోటారు రిపేరు మొత్తం మనసులోనే చేయించేశాను, కొటేషన్‌తో సహా. పక్కాయన దగ్గు మీద కూడా కోపం వచ్చింది. పాపం, ఆయన నా గురక భరించాడని చివరి రోజు మాటలు మొదలయ్యాక తెలిసింది. నాలుగో రోజు నుంచి గంటసేపు కదలొద్దంటారు. కుడి మోకాలు భగ్గుమంది. కాలు చాపేద్దామా అనుకుంటూనే చూస్తూ ఉంటే, నొప్పి అనుకున్నది ఒకటే ముద్దలా లేదు, కాసేపు సెగ, కాసేపు సూదులు, మధ్యలో కొన్ని క్షణాలు అసలేమీ లేదు. అరవై ఏళ్లు మోసిన మోకాలిని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

మారిందేమిటంటారా? కోపం పోలేదు. మా ఆవిడని అడగండి, అదిగో మూడో వరసలో కూర్చుంది, తల కూడా ఊపుతోంది. కాకపోతే కోపం వచ్చేముందు నాకు చెవులు వేడెక్కుతాయని ఇప్పుడు తెలుస్తోంది, తెలిసినప్పుడు పదిసార్లలో నాలుగుసార్లు నోరు ఆగుతోంది.

శాస్త్రం ఏమంటుందంటే, 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. ఇరవై ముగ్గురితో ఒకసారి క్రైస్తవుల జపమాల ప్రార్థన, ఒకసారి "ఓం మణి పద్మే హుం" చేయించారు. రెండింటిలోనూ శ్వాస నిమిషానికి ఆరుకి దగ్గరగా దిగింది, గుండె లయ కూడా దానితో కలిసింది. ఏ దేవుడి పేరైనా ఊపిరి మాత్రం ఒకేలా నెమ్మదించింది. దీన్ని పట్టుకుని ధ్యానంతో షుగర్ పోతుంది, క్యాన్సర్ పోతుందని వాట్సాప్‌లో పంపకండి దయచేసి. బీపీ మాత్ర మానొద్దు. డిప్రెషన్‌తో ఉన్నవాళ్లు, పాత గాయాలు బాగా లోతుగా ఉన్నవాళ్లు పది రోజుల మౌనంలోకి నేరుగా దూకొద్దు, కొందరికి అది బరువు పెంచుతుంది, ముందు డాక్టర్‌తో మాట్లాడండి.

పద్మాసనం రాదని బాధపడేవాళ్లకి ఒక మాట. పతంజలి ఆసనం గురించి చెప్పింది మూడంటే మూడు సూత్రాలు, మొదటిది "స్థిరసుఖమాసనమ్". కదలకుండా, హాయిగా. కుర్చీ చాలు, ఈ సిమెంటు బెంచీ కూడా చాలు, కింద టవల్ వేసుకుంటే.

సరే, ఇప్పుడు ఐదు నిమిషాలు కూర్చుందాం. ఊపిరిని మీరేమీ చేయొద్దు, దానంతట అది వస్తుంది. వదిలినప్పుడల్లా ఒక అంకె, పది దాకా. తప్పిపోతే కట్ట తట్టి ఒకటి నుంచి. కుక్క మొరిగితే మొరగనివ్వండి, పాలవాడి హారన్ కూడా వస్తుంది ఈ టైమ్‌కి. ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి, టైమ్ నేను చూస్తాను. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినవాళ్లెవరైనా ఉంటే మాత్రం, ఇప్పుడే లేచి వెళ్లిపోండి.