వాన పడకుండా గోదారి ఎలా నిండింది?

పిల్లలూ, బాగున్నారా? ఇవాళ్టి ప్రశ్న నాది కాదు. మా వీధిలో రెండో తరగతి చదివే ఒక పాపది.

అది జూలై నెల. రాజమండ్రిలో గోదారి ఘాట్ మెట్ల మీద నిలబడ్డాం, పాప చెయ్యి నా చేతిలో ఉంది. వరద రోజుల్లో పెద్దవాళ్ళ చెయ్యి వదిలి మెట్లు దిగకూడదు, అది మీరూ గుర్తుపెట్టుకోండి. ఊళ్ళో నాలుగు రోజులుగా చినుకు లేదు, ఎండ చుర్రుమంటోంది. గోదారి చూస్తేనేమో కింది మెట్లన్నీ మునిగిపోయాయి. నీళ్ళు టీ రంగులో సుడులు తిరుగుతూ పోతున్నాయి. "ఎర్రనీరు వచ్చేసింది" అనుకుంటున్నారు పక్కన ఉన్నవాళ్ళు. అప్పుడు పాప అడిగింది:

"అత్తా, మనకి వాన పడలేదుగా! ఇన్ని నీళ్ళు ఎవరు పోశారు?"

ఎంత మంచి ప్రశ్నో చూడండి! జవాబు కావాలంటే గోదారి వెంట వెనక్కి నడవాలి. వస్తారా?

రాజమండ్రి నుంచి పైకి వెళ్తే పాపికొండలు. ఆ పైన భద్రాచలం, కాళేశ్వరం, బాసర. ఇంకా ఇంకా పైకి పోతే మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరం. అక్కడ బ్రహ్మగిరి కొండ మీద సన్నటి ఊటగా పుడుతుంది మన గోదారి. అక్కడి నుంచి సముద్రం దాకా 1,465 కిలోమీటర్లు! దారి పొడవునా వేరే నదులు వచ్చి కలుస్తాయి. మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి. మా ఘాట్ దగ్గర పాప చూసిన వరద నీళ్ళలో ఎక్కువ భాగం ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మోసుకొచ్చినవే. ఎక్కడో దూరాన కొండల్లో, అడవుల్లో కుండపోతగా వాన కురిసింది. ఆ వాన మట్టిని కడిగి తెచ్చింది కాబట్టే నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. మనకి పడలేదు కానీ వాళ్ళకి పడింది.

పాప అంతటితో ఊరుకుందా? "మరి ఆ వాన ఎక్కడిది?" అంది.

దానికి వంటింట్లోకి వెళ్దాం. అమ్మ ఇడ్లీలు వేసింది. మూత తీయగానే తెల్లగా పొగలాగా వస్తుంది కదా, అది ఆవిరి అనుకుంటాం. నిజానికి అసలు ఆవిరి కంటికి కనపడదు! మనకి కనిపించే తెల్లది, ఆవిరి చల్లబడి మళ్ళీ నీళ్ళయిన సన్నసన్నటి చుక్కలు. ఇప్పుడు మూత లోపలి వైపు చూడండి, దూరం నుంచే, అది వేడిగా ఉంటుంది. చుక్కలు చుక్కలుగా నీళ్ళు. పక్కపక్క చుక్కలు కలిసి లావై, బరువెక్కి, టప్పున కింద పడతాయి.

ఆకాశంలో జరిగేదీ ఇదే. అక్కడ పొయ్యి సూర్యుడు. గిన్నె సముద్రం. ఎండకి సముద్రం మీద నీళ్ళు ఆవిరై గాలిలో కలిసిపోతాయి. ఆ గాలి పైకి పోయేకొద్దీ చల్లబడుతుంది. అప్పుడు ఆవిరి మళ్ళీ నీటిచుక్కగా మారాలి, కానీ ఒట్టి గాలిలో మారలేదు, పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. దుమ్ము రేణువో, అలల నురగ నుంచి ఎగిరిన ఉప్పు రేణువో దొరికితే దాని చుట్టూ చేరుతుంది. అలాంటి చుక్కలు కోట్లకు కోట్లు కలిసి ఉంటే దాన్నే మనం మబ్బు అంటాం. ఆ చుక్క ఎంత చిన్నదంటే, సుమారు 10 లక్షల చుక్కలు కలిస్తే మీ అరచేతిలో పడే ఒక్క వాన చినుకు అవుతుంది!

ఇంకో వింత చెప్పనా? మ్యాప్ తెరిచి చూడండి. త్ర్యంబకేశ్వరం నుంచి పడమటి వైపు అరేబియా సముద్రం దాదాపు 80 కిలోమీటర్లే. కానీ గోదారి అటు పోదు. నేల వాలు ఇటు ఉంది కాబట్టి తూర్పుకి తిరిగి, అన్ని వందల కిలోమీటర్లు నడిచి, అంతర్వేది లాంటి చోట్ల బంగాళాఖాతంలో కలుస్తుంది. జూన్‌లో నైరుతి గాలులు అరేబియా సముద్రం నుంచి ఆవిరిని మోసుకొచ్చి పడమటి కనుమల మీద కురిపిస్తాయి. అంటే బ్రహ్మగిరి మీద పడిన చినుకు పడమటి సముద్రం నుంచి గాలిలో వచ్చి, తూర్పు సముద్రానికి నేల మీద వెళ్తోందన్నమాట!

అన్ని చినుకులూ సముద్రం దాకా పోవు. కొన్ని ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువల్లోకి మళ్ళి వరి చేలకు పోతాయి. వరి మొక్క వేళ్ళతో నీళ్ళు తాగి, ఆకుల నుంచి ఆవిరిగా వదిలేస్తుంది. కొన్ని నేలలోకి ఇంకి బావుల్లో, బోర్లలో తేలతాయి. కొన్ని కోనసీమలో కొబ్బరి చెట్టెక్కి బొండంలో కూర్చుంటాయి! బొండం తాగి ఎండలో ఆడుకుంటే మీకు చెమట పడుతుంది, అది ఆరిపోతుంది, మళ్ళీ గాలిలోకే. నీళ్ళు ఇలా తిరుగుతూ ఉండడాన్నే బడి పుస్తకంలో జలచక్రం అంటారు. ఆ పేరు తర్వాత నేర్చుకున్నా పరవాలేదు, ముందు ఆ తిరగడం కళ్ళారా చూడాలి.

సరే, పాప ఆఖరి ప్రశ్న. "సముద్రం నీళ్ళు ఉప్పగా ఉంటాయి కదా, వాన నీళ్ళు చప్పగా ఎందుకున్నాయి?"

శ్రీకాకుళం జిల్లా నౌపడలో ఉప్పు మడులున్నాయి. సముద్రపు నీళ్ళు మడుల్లో పెట్టి ఎండకి వదిలేస్తారు. నీళ్ళు ఆవిరైపోతాయి, తెల్లగా ఉప్పు మిగులుతుంది. ఎండ నీళ్ళనే తీసుకుపోతుంది, ఉప్పుని తీసుకుపోలేదు.

నమ్మకం కుదరలేదా? మీరే చేసి చూడండి. శుభ్రమైన పెద్ద గిన్నెలో కొంచెం మంచినీళ్ళు పోసి, రెండు చెంచాల ఉప్పు కలపండి. మధ్యలో ఖాళీగా ఉన్న చిన్న గ్లాసు పెట్టండి. గ్లాసు ఎత్తు గిన్నె అంచు కన్నా తక్కువ ఉండాలి. గిన్నె మూతికి పల్చటి, శుభ్రమైన పాలిథిన్ కవరు కప్పి, రబ్బరు బ్యాండు వెయ్యండి. కవరు మీద సరిగ్గా గ్లాసుకి పైన ఒక గులకరాయి పెట్టండి, కవరు అక్కడ కాస్త కిందికి వంగాలి. పొద్దున్నే డాబా మీద ఎండలో పెట్టి, సాయంత్రం దాకా కదపకండి.

మా పాప మధ్యాహ్నానికే మూడుసార్లు డాబా ఎక్కింది. మూడోసారి కవరు లోపల మంచుపట్టినట్టు సన్నటి చుక్కలు కనిపించాయి. అవి రాయి వైపు మెల్లగా జారుతున్నాయి. "అత్తా, వాన!" అని అరిచింది.

సాయంత్రం గ్లాసులో అర చెంచా నీళ్ళున్నాయి. ముందు గిన్నెలో వేలు ముంచి నాకింది, మొహం చిట్లించింది. తర్వాత గ్లాసులో వేలు పెట్టి నాకి, నా వైపు చూసి నవ్వింది.

ఆ గ్లాసులో నీళ్ళు ఏ రుచిలో ఉన్నాయో నేను చెప్పను. ఎండ బాగా కాసే రోజు చూసి మీ డాబా మీద పెట్టండి, మీ నాలుకే చెబుతుంది.