సోకలో: పైన చౌకు, కింద సరస్సు

సభకు నమస్కారం.

మెక్సికో నగరం నడిబొడ్డున ఉన్న మైదానానికి అధికారిక పేరు రాజ్యాంగ చౌకు. ఆ రాజ్యాంగం స్పెయిన్‌లోని కాదిజ్ నగరంలో 1812లో రాసుకున్నది. జనం మాత్రం ఆ చోటును సోకలో అంటారు. స్పానిష్‌లో సోకలో అంటే దిమ్మె. 1843లో మెక్సికో అధ్యక్షుడు సాంతా అన్నా హయాంలో ఇక్కడ స్వాతంత్ర్య స్తంభం నిలబెట్టాలనుకుని దిమ్మె వరకు కట్టి ఆపేశారు. స్తంభం లేవనే లేదు, దిమ్మె కూడా పోయింది, పేరు నిలిచింది. ఇప్పుడు ఆ దేశంలో చాలా ఊళ్లలో నడిమి చౌకుకు అదే పేరు.

ఈ చౌకు కథను పాలకుల వరసలో కంటే మట్టి వైపు నుంచి చెబితేనే బాగా అర్థమవుతుంది.

తెస్కోకో సరస్సులోని దీవి మీద అక్కడి మూలవాసులైన అజ్టెక్‌లు తమ రాజధాని తెనోచ్‌తిత్లాన్ కట్టుకున్నారు. 1521 ఆగస్టు 13న అది స్పెయిన్ సేనలకు చిక్కింది. గుడులు పడగొట్టి, ఆ రాళ్లతోనే కొత్త నగరం లేపారు. అజ్టెక్ రాజు మొక్తెసూమా నివాసం ఉన్నచోటే నేటి జాతీయ భవనం ఉంది. 1629లో వచ్చిన వరద నీళ్లు అయిదేళ్ల వరకు తీయలేదు. ఆ భయంతోనే శతాబ్దాలపాటు కాలువలు తవ్వి సరస్సును ఎండగట్టారు.

చౌకులో అంగళ్ల గొడవా చిన్నది కాదు. 1692లో మొక్కజొన్న కరువై జనం తిరగబడ్డారు, స్పెయిన్ రాజప్రతినిధి భవనం తగలబడింది. చెక్క అంగళ్లూ బూడిదయ్యాయి కాబట్టి వాటి చోట పరియాన్ అనే రాతి బజారు వెలసింది. 1843లో స్తంభం కోసమని దాన్నీ కూల్చారు.

1790లో నేల చదును చేస్తుంటే ఆగస్టులో అజ్టెక్‌ల దేవత కోవత్లీక్వే విగ్రహం, డిసెంబరు 17న వాళ్లే చెక్కిన గుండ్రటి సూర్యశిల బయటపడ్డాయి. సూర్యశిల అడ్డుకొలత సుమారు 3.6 మీటర్లు, బరువు దాదాపు 24 టన్నులు. దాన్ని చౌకు అంచున ఉన్న కెథెడ్రల్ అనే పెద్ద చర్చి గోడకు ఆనించి, 1885 దాకా అక్కడే ఉంచారు. దేవత విగ్రహాన్ని మాత్రం విశ్వవిద్యాలయం ఆవరణలో మళ్లీ పాతిపెట్టారు. జనం దాన్ని కొలవడం మొదలుపెడతారన్న జంకు అది. 1978 ఫిబ్రవరిలో విద్యుత్ కార్మికులు తవ్వుతుంటే కొయోల్‌షౌకీ అనే అజ్టెక్ దేవతను చెక్కిన శిల తగిలింది. అజ్టెక్‌ల ప్రధాన ఆలయమైన తెంప్లో మయోర్ తవ్వకాలు అలా మొదలయ్యాయి.

ఇక అసలు చిక్కుకు వద్దాం. చౌకు కింద ఉన్నది సరస్సు అడుగు బంకమన్ను. అందులో మట్టి బరువు ఒక వంతైతే నీటి బరువు మూడు నాలుగు వంతులు. లోతు బోర్లతో అడుగు పొరల నీళ్లు తోడేకొద్దీ రేణువుల మధ్య నీటి ఒత్తిడి తగ్గుతుంది. అప్పటిదాకా నీళ్లు మోసిన బరువు రేణువుల మీద పడి మన్ను అణిగిపోతుంది. ఒకసారి అణిగితే మళ్లీ పొంగదు. 20వ శతాబ్దంలో నగరం నడిబొడ్డు ఏడు మీటర్లకు పైగా దిగింది. నగరం నీళ్లను బయటికి పంపేందుకు 1900లో ప్రారంభించిన మహా కాలువ సైతం వాలు కోల్పోయి పంపుల మీద ఆధారపడవలసి వచ్చింది.

అంతా సమంగా కుంగితే ఇంత బాధ ఉండేది కాదు. అజ్టెక్‌ల పాత పిరమిడ్లు నిలిచిన చోట మన్ను ముందే నొక్కుకుపోయింది, అక్కడ తక్కువ దిగుతుంది. పక్కన లేత మన్ను ఎక్కువ దిగుతుంది. 1573లో మొదలై 1813లో పూర్తయిన కెథెడ్రల్ ఈ రెండింటి మీదా కాళ్లు పెట్టి నిలబడింది. 1990ల నాటికి లోపలి పూజాపీఠం వైపుకూ పడమటి గోపురానికీ మధ్య దాదాపు 2.4 మీటర్ల తేడా వచ్చింది. స్తంభాలు ఒరిగాయి, కమానులు బీటలిచ్చాయి.

కుంగిన వైపును ఎత్తడం అసాధ్యం. అందుకని ఇంజనీర్లు ఎత్తుగా మిగిలిన వైపును దించారు. ముందు కమానుల కింద ఉక్కు ఆధారాలు పెట్టారు. 32 బావులు తవ్వి, వాటి అడుగు నుంచి అడ్డంగా సన్నటి గొట్టాలు దూర్చి మన్నును కొద్దికొద్దిగా లాగారు. ఖాళీలోకి చుట్టూ ఉన్న మెత్తటి మన్ను జారుతుంది, పైనేల మెల్లగా దిగుతుంది. తొందరపడి ఒకేచోట లాగితే కొత్త బీటలు పడతాయి, అందుకే ఏ బావిలో ఎంత తీయాలో కొలతలు చూసి నిర్ణయించేవారు. 1993 నుంచి 1998 దాకా ఈ పని సాగింది. ఆ తర్వాత మెత్తటి చోట్ల సిమెంటు ముద్ద ఎక్కించి మన్నును గట్టిపరిచారు.

నేల ఇప్పటికీ దిగుతూనే ఉంది. కెథెడ్రల్ లోపల గుమ్మటం నుంచి వేలాడే లోలకం, కట్టడం ఎన్నాళ్లలో ఎటు ఒరిగిందో చూపిస్తుంది.