వేరు కాలువ కొసదాకా ప్లాస్మా చేరుతుందా?

అందరికీ నమస్కారం. పంటి వేరు కాలువలోని బాక్టీరియాను చల్లటి ప్లాస్మాతో, అంటే విద్యుత్తు పెట్టిన వాయువుతో, చంపడం గురించి ఈ రోజు మాట్లాడతాను.

రూట్ కెనాల్ చేయించుకున్న పన్ను కొన్నేళ్లకు మళ్లీ సలపడం మొదలుపెడితే, చాలామంది "నరం సరిగ్గా తీయలేదేమో" అంటారు. నరం పూర్తిగా పోయినా పన్ను సలుపుతుంది. ఎక్కువసార్లు లోపల మిగిలిపోయేది బాక్టీరియా. 1965లో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే ముగ్గురు ఎలుకల మీద చేసిన ప్రయోగం ఈ సంగతి తేల్చేసింది. పంటికి రంధ్రం పెట్టి, లోపలి గుజ్జును అలాగే తెరిచి వదిలేశారు. మామూలు ఎలుకల్లో గుజ్జు కుళ్లిపోయింది, వేరు కొసన చీము పట్టింది. సూక్ష్మజీవులు సోకకుండా పెంచిన ఎలుకల్లో మాత్రం, ఆ రంధ్రంలో మేత ఇరుక్కున్నా సరే, గుజ్జు బతికింది. తెరిచిన చోట కొత్త డెంటిన్, అంటే గుజ్జు చుట్టూ ఉండే గట్టి పొర, కట్టుకుంది కూడా.

కాబట్టి దంతవైద్యులుగా మా వృత్తిలో పోరాటమంతా బాక్టీరియాతోనే. అది దాక్కునే చోటు మహా చిక్కుది. పుస్తకాల్లో గీసినట్టు కాలువ సూటిగా, నున్నగా ఉండదు. పక్కకు చీలే పాయలు, రెండు కాలువలను కలిపే సన్నటి సందులు, కొస దగ్గర మరిన్ని చీలికలు. గోడలు గీకే సన్నటి పనిముట్టయిన ఫైల్‌ని ఎంత ఓపికగా తిప్పినా గోడల్లో దాదాపు మూడో వంతు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువే, తాకకుండా మిగిలిపోతుందని మైక్రో సీటీ స్కాన్లు చూపించాయి. ఆ గోడ కూడా గట్టి గోడ కాదు. చదరపు మిల్లీమీటరుకు వేలకు వేల డెంటిన్ నాళికలు, ఒక్కోదాని వెడల్పు సుమారు 1 నుంచి 3 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). బాక్టీరియా ఒక మైక్రాన్ అటూ ఇటూ. దూరిపోవడానికి బోలెడంత చోటు.

పైగా అవి ఒంటరిగా ఉండవు. తాము స్రవించిన జిగురులో గుంపుగా అతుక్కుని బయోఫిల్మ్ కడతాయి. పళ్ల మీద పట్టే పాచి కూడా ఈ జాతిదే. విడిగా తేలే బాక్టీరియాను చంపే మందు ఈ జిగురు లోపలికి వచ్చేసరికి చాలావరకు చతికిలపడుతుంది. విఫలమైన రూట్ కెనాళ్లలో తరచూ దొరికే ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే బాక్టీరియా మరీ మొండిది. తిండి లేకపోయినా నెలల తరబడి ఓర్చుకుంటుంది. మేం లోపల పెట్టే కాల్షియం హైడ్రాక్సైడ్ క్షారాన్ని కూడా, కణంలోకి ప్రోటాన్లను (ఆమ్లగుణమిచ్చే కణాలను) తోడుకుంటూ తట్టుకుంటుంది.

మా ప్రధాన ఆయుధం సోడియం హైపోక్లోరైట్. మంచి మందే, చచ్చిన కణజాలాన్ని కరిగించేస్తుంది కూడా. కానీ సూది జాగ్రత్తగా వాడకపోతే కాలువ కొసన గాలి బుడగ ఇరుక్కుని ద్రవాన్ని అడుగుకు పోనివ్వదు. గట్టిగా నొక్కితే వేరు దాటి బయటికి పోతుంది. అప్పుడు వచ్చే నొప్పి, ముఖం వాపు ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు.

ఇక్కడే ప్లాస్మా మీద ఆశ పుట్టింది. వాయువుకు విద్యుత్తు పెట్టి ఎలక్ట్రాన్లను విడగొడితే వచ్చేదే ప్లాస్మా. మెరుపు కూడా ప్లాస్మానే, కానీ అది కాల్చేస్తుంది. చల్లటి ప్లాస్మాలో ఎలక్ట్రాన్లు మాత్రమే వేల డిగ్రీల వేడితో ఉంటాయి. బరువైన అణువులు గది వేడిమి దగ్గరే ఉంటాయి. విద్యుత్తును నానోసెకన్ల తునకలుగా ఇస్తే, ఎలక్ట్రాన్లు వేగం పుంజుకుంటాయి గానీ వాయువు వేడెక్కేంత సమయం ఉండదు. ఇందులో వాయువుగా హీలియం వాడటానికి కారణం, అది తేలిగ్గా అయనీకరణ స్థితిని (ఎలక్ట్రాన్లు విడిపోయిన స్థితిని) నిలబెడుతుంది, వేడిని త్వరగా వదిలేస్తుంది. పెన్నులాంటి గొట్టం కొసన ఊదారంగు దారంలా వెలుగు కనిపిస్తుంది. వేలు అడ్డం పెడితే చల్లగాలి తగిలినట్టుంటుంది, అంతే. ఆ దారం నిజానికి దారం కాదు, సెకనుకు కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే వెలుగు తునకల వరుస. మన కంటికి అవన్నీ కలిసిపోయి కనిపిస్తాయి.

గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్, తేమ తగిలి ఇందులో దేనితోనైనా ఇట్టే చర్య జరిపే హైడ్రాక్సిల్ రాడికళ్లు, పరమాణు ఆక్సిజన్, ఓజోన్, నైట్రిక్ ఆక్సైడ్ పుడతాయి. అవి బాక్టీరియా పొరల కొవ్వులను, ప్రోటీన్లను, డీఎన్‌ఏను ఏకకాలంలో దెబ్బతీస్తాయి. ఒకే తాళానికి ఒకే తాళంచెవిలా పనిచేసే యాంటీబయాటిక్‌తో పోలిస్తే దీన్ని తట్టుకునే జాతులు పుట్టడం కష్టం.

పీకిన పళ్ల మీద జరిగిన ప్రయోగాల్లో ఫలితాలు బాగానే వచ్చాయి. నాకు అనుమానం మరోచోట. చంపగలదా అన్నది తేలిపోయిన ప్రశ్న. చేరగలదా అన్నదే తేలాలి. ఈ రాడికళ్లలో చాలావాటి ఆయుష్షు సెకనులో అతి చిన్న భాగం. మందపాటి బయోఫిల్మ్ పైపొరల్లోనే అవి ఖర్చైపోతాయి. చాలా ప్రయోగాలు ఒకే వేరున్న ముందు పళ్ల మీద జరిగాయి. వంకర తిరిగిన దవడ పంటి కాలువలో కథ వేరు. కాలువలోంచి కాగితపు పుల్లతో నమూనా తీస్తే నాళికల్లో దాక్కున్నవి దానికి అంటుకోవు. ఇంకో తిరకాసూ ఉంది. దెబ్బ తిన్న ఎంటరోకాకస్ బతికే ఉండి కూడా బాక్టీరియాను పెంచి చూసే పళ్లెంలో మొలవకుండా ఉండగలదు. పళ్లెం ఖాళీగా ఉందంటే కాలువ శుభ్రపడిందని నేను ఒప్పుకోను.

వాయువు ఒత్తిడి సంగతి కూడా చూడాలి. కాలువలోకి గాలి గట్టిగా ఊదితే అది వేరు కొస దాటి చర్మం కింద చేరి ముఖం ఉబ్బే ప్రమాదం దంతవైద్యంలో తెలిసిందే. హీలియం అయినా అంతే.

అందుకే హైపోక్లోరైట్‌ను పక్కన పెట్టి ప్లాస్మాను పట్టుకోమని నేను చెప్పను. ముందు ఫైలు, ఆపై ద్రవంతో కడగడం, చివర్లో ప్లాస్మా, ఈ వరుసలోనే దానికి చోటుందని నా అభిప్రాయం. అదనంగా ఎంత మేలు జరిగిందో తెలియాలంటే రోగుల్లో వేరు కొసనున్న ఎముక తిరిగి నిండిందా అని ఏడాదికి, ఆ తర్వాత కూడా ఎక్స్‌రేలు తీసి పోల్చాలి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.