రొయ్య తలకాయల దాణా గురించి, గాజువాక పాడి రైతుల మీటింగులో నేను మాట్లాడింది

అందరికీ నమస్కారమండి. స్టేజీ మీద పెద్దలందరి పేర్లూ చదవాలి, చదివితే భోజనాల టైమైపోద్ది, అందుకని ఒకే దండంతో సరిపెట్టేస్తున్నాను, ఏమనుకోకండి.

రొయ్యలు వలిచి ప్యాకింగు చేసే ప్లాంటు వేస్టు, అంటే తలకాయలు, పొట్టు, పశువులకి పెట్టొచ్చా అని అడిగారు. పెట్టొచ్చు. ఇదేం కొత్త కాదు. మన మోటుపల్లి రేవు గురించి రాసిన పాతకాలం ఇటలీ యాత్రికుడు మార్కోపోలో ఉన్నాడే, ఆయనే అరేబియా తీరంలో పశువులు చేపలు తింటాయని కూడా రాశాడు, గడ్డి దొరకని చోట అదే మేత. ఒమన్‌లో అయితే ఒంటెలకి కూడా ఎండు కవళ్ళు చేపలు పెట్టేవాళ్ళు. కాబట్టి గేదె తింటదా తినదా అన్నది అసలు గొడవే కాదు.

గొడవ టైముది. రొయ్య తలకాయలోనే దాని జీర్ణరసాలు ఉంటాయి, తల తుంచిన దగ్గర్నుంచీ అవి పని మొదలుపెడతాయి, అదీ మన వైజాగ్ ఉక్కపోతలో, ఐసు లేని డ్రమ్ములో, ఇంక చెప్పాలా. కిలో రొయ్య వలిస్తే 400 గ్రాములు దాకా తల, పొట్టు కిందే పోద్ది. 2009లో వనామీ రకం రొయ్య పెంపకం వచ్చాక ఈ సరుకు ఎంత పెరిగిందో హార్బరు నుంచి అచ్యుతాపురం దాకా ముక్కున్న ప్రతివాడికీ తెలుసు.

మా ఊరి గెడ్డ, అదే వాగు, దాని సంగతి చెప్పాలి. ఒక ప్లాంటు, పేరొద్దు, రాత్రిపూట ట్రాక్టరు పంపి గెడ్డలో పోయిస్తది. తెల్లారి చూస్తే తలకాయలన్నీ మీసాలతో చిక్కుపడి, నల్లబడి, కింద నుంచి బూడిదరంగు నీళ్ళు కారుతుంటాయి, కాకులు కూడా గట్టు మీదే కూర్చుని ఆలోచిస్తుంటాయి. మేం వెళ్ళి గొడవ పడితే ఏం చేశారో తెలుసా? మర్నాడు అదే సరుకు తెచ్చి "ఫ్రీగా ఇస్తాం, మీ గేదెలకి పెట్టుకోండి" అన్నారు! మా తోడల్లుడి గేదె దగ్గర గంప దించితే మూతి పెట్టి బుస్సుమని, తాడు తెంచుకోబోయింది. ఏమ్మా, మీరు చెప్పండి, మనుషులకి పనికిరాక, కాకులకి పనికిరాక, మన గేదెలకి పనికొస్తదా?

సరే, దాణా సంగతికొద్దాం. తాజా తలకాయలైతే ఉడకబెట్టి, నీళ్ళు పిండేసి, టార్పాలిన్ పట్టా మీద ఎండబెట్టి పొడి కొట్టాలి. ఇసకలో ఎండేస్తే ఇసకే తింటది. లేదంటే మెత్తగా రుబ్బి యాసిడ్‌లో నిలవబెట్టే పద్ధతి ఉంది, చేప వేస్టుకైతే 100 కిలోలకి ఇంచుమించు 3 కిలోల ఫార్మిక్ యాసిడ్, రోజూ కలపాలి. రొయ్య పొట్టుకి అది చాలదు, పొట్టులో ఉన్న సున్నం యాసిడ్‌ని మింగేస్తది. బెల్లం మడ్డి కలిపి గాలి తగలకుండా పులియబెట్టొచ్చు కూడా, అనకాపల్లి పక్కనే ఉండి మనకి మడ్డికి కొదవేంటి.

పొడి అమ్మేవాడు "ప్రొటీన్ 40 శాతం సార్" అంటాడు. ల్యాబులో కొలిచేది నైట్రోజన్, పొట్టుని గట్టిగా ఉంచే కైటిన్ అనే పదార్థంలోనూ నైట్రోజన్ ఉంటది, అదీ ప్రొటీన్ లెక్కలో పడిపోద్ది. నమ్మకండి. అసలు ప్రొటీన్ ఎంతో విడిగా అడగండి, కాలిస్తే మిగిలే బూడిద ఎంత, ఉప్పు ఎంత అని కూడా అడగండి.

ఇంకోటి, చేప, రొయ్య లాంటి వాటి నూనె ఎక్కువైతే పాలల్లో వెన్న శాతం పడిపోద్ది. పాల సెంటర్లో మనకి డబ్బిచ్చేది వెన్న చూసే కదా! అందుకని దాణాలో కొంచెంతో మొదలెట్టి, వారం వారం వెన్న రీడింగు చూసుకోండి, తగ్గితే అక్కడే ఆపేయండి.

పశువుల మాంసం పొడి దాణాతో పాకిన పిచ్చి ఆవు జబ్బు తర్వాత 2001లో యూరప్ వాళ్ళు ఆవులకి చేప పొడి కూడా ఆపేశారు. చేప వల్ల జబ్బొచ్చిందని కాదు, అందులో మాంసం పొడి కలిపితే పట్టుకోవడం కష్టమని. 2008లో పాలు మానని దూడలకి మాత్రం వదిలారు. అందుకే ఊరూపేరూ లేని సంచీ కొనకండి.

ముందు వరసలో ప్లాంటోళ్ళున్నారు, మీకో మాట. తలకాయల్ని నేల ఊడ్చిన చెత్తలో, బ్లీచింగు నీళ్ళలో కలపకండి, విడిగా ఐసులో పెట్టండి, డ్రమ్ము మీద సుద్దముక్కతో ఎన్నింటికి తీశారో రాయండి. సుద్దముక్క కూడా కొనలేమంటారా, అయితే ఆ ట్రాక్టరు ఏ గేట్లోంచి వస్తదో ఇప్పుడే మైకులో... సరే సరే, ప్రెసిడెంటు గారు చెయ్యి ఊపుతున్నారు. తరవాత మాట్లాడేదెవరో రండి బాబూ, మైకు వైరు చూసుకుని రండి, అక్కడ ఊడిపోతోంది.