364 ఎలా వచ్చింది?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్న తల్లులకు నమస్కారం. మర్యాదలు ఇంతటితో ఆపుతాను, నాకిచ్చింది పావుగంటే.

అంశం 'గ్రోత్ మైండ్‌సెట్' అన్నారు. బుద్ధి పుట్టుకతోనే గీత గీసి ఇచ్చింది కాదు, సాధనతో పెరుగుతుంది అన్న నమ్మకం. గోడల మీద పోస్టర్లు బాగానే వెలిశాయి. నా గొడవ ఆ పోస్టర్లతోనే. ముందు ఒక లెక్క.

503 లోంచి 267 తీసేయాలి. పిల్లాడు 364 అని వేశాడు. మనం ఎర్ర సిరాతో ఇంటూ కొట్టి, పక్కన 'జాగ్రత్త' అని రాస్తాం. వాడు అజాగ్రత్తగా చేయలేదండీ! ఐదులోంచి రెండు పోతే మూడు. సున్నాలోంచి ఆరు పోదు కనక తిరగేసి ఆరు. మూడులోంచి ఏడు పోదు కనక తిరగేసి నాలుగు. 'పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలి' అని తనకు తానే ఒక సూత్రం కట్టుకుని, దాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. ఇలాంటివాణ్ణి 'ఇంకా కష్టపడు' అంటే అదే తప్పు మరో నలభైసార్లు, ఇంకా వేగంగా చేస్తాడు.

పక్క పిల్ల 246 వేసింది. ఆమెకు అప్పు తేవడం వచ్చు. వందల స్థానంలో ఐదును నాలుగు చేసింది, పదుల స్థానంలోకి పది తెచ్చింది. అందులోంచి ఒకటి ఒకట్లకు ఇచ్చాక అక్కడ తొమ్మిదే మిగలాలి, అది మరిచిపోయింది. ఇంకొకడు 336. తొమ్మిది సరిగ్గానే వేశాడు, వందల్లో ఐదును నాలుగు చేయలేదు. సరైన జవాబు 236. మూడు తప్పులు, మూడు జబ్బులు, మనం రాసిన మందు మాత్రం ఒక్కటే: జాగ్రత్త!

'గ్రోత్ మైండ్‌సెట్' అన్న మాటను ప్రచారంలోకి తెచ్చిన మనస్తత్వవేత్త కెరోల్ డ్వెక్. 1998లో ఆమె, క్లాడియా ముల్లర్ కలిసి ఐదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగాలు ప్రచురించారు. మొదటి విడత బొమ్మల పజిళ్ల తర్వాత కొందరిని 'తెలివైనదానివి' అని, కొందరిని 'బాగా కష్టపడ్డావు' అని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైనవి ఇచ్చి, మళ్లీ మొదటంత తేలికైనవి ఇచ్చారు. తెలివిని మెచ్చుకున్నవాళ్ల మార్కులు తగ్గాయి, శ్రమను మెచ్చుకున్నవాళ్లవి పెరిగాయి. అంతకంటే నన్ను కుదిపేసేది ఇంకోటుంది. మార్కులెన్నో కాగితం మీద రాయమంటే, తెలివిని మెచ్చుకున్న పిల్లల్లో పదిమందికి దాదాపు నలుగురు ఎక్కువ చేసి రాశారు. ఒక్క పొగడ్తకి అబద్ధం నేర్చారు!

అయితే ఈ నమ్మకాన్ని సర్వరోగ నివారిణి అనుకోకండి. 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అమెరికాలో వేలాది తొమ్మిదో తరగతి పిల్లలకు గంటలోపు ఆన్‌లైన్ పాఠంగా ఇదే చెబితే, చదువులో వెనకబడ్డవాళ్ల గ్రేడ్ల సగటు సుమారు నాలుగు పాయింట్ల కొలతలో 0.1 పెరిగింది. ఖర్చుకు మంచి ఫలితమే, అద్భుతం కాదు. నమ్మకం తలుపు తీస్తుంది, నడక వేరే నేర్పాలి.

నడక అంటే తప్పుల పుస్తకం. చాలామంది ఇందులో సరైన జవాబును అందంగా ఎత్తి రాస్తారు. అది దండగ. తప్పు జవాబు చెరపకుండా ఉంచాలి, దాని కింద 'ఇది ఎలా వచ్చింది' అన్నది పిల్లల మాటల్లోనే ఒక్క వాక్యం రాయించాలి. 'తొందరపడ్డాను' అంటే ఒప్పుకోవద్దు, ఏ స్థానంలో ఏం చేశావో చెప్పమనండి. తల్లులారా, ఆ వాక్యం మీరు చెప్పేయకండి, నోరు కట్టుకోండి! కాసేపు మౌనంగా ఉండటం కష్టమే.

మర్నాడు ఒకటి, మూడో రోజు ఒకటి, వారం తర్వాత ఒకటి అదే తరహా లెక్క ఇవ్వండి, అంకెలు మార్చి. పాత పేజీ చూడనివ్వకండి. చూసి చదివితే వచ్చినట్టే ఉంటుంది, చూడకుండా చేస్తేనే వచ్చిందో లేదో తేలుతుంది. పెద్దవాళ్లు టైపింగ్ నేర్చుకున్నా, కొత్త భాష నేర్చుకున్నా ఇదే లెక్క.

మూడో రోజున 604 లోంచి 258 తీయమనండి. 454 వస్తే పాత సూత్రం ఇంకా పోలేదు, పుల్లలు పదేసి కట్టలు కట్టించి మళ్లీ మొదలుపెట్టాలి. 356 వస్తే, అది కూడా తప్పే, కానీ ఇంటూ కొట్టకండి. వాడికి అప్పు తేవడం వచ్చేసింది. పదుల్లో తొమ్మిది మిగలడం ఒక్కటే బాకీ.