ఏసీ లారీలో కార్తీక మాసం: విశాఖ నుంచి నాగ్‌పూర్ దాకా

"ఎండలు పోయాక ఏసీ బండికి రివ్యూ ఏంట్రా?" అన్నవరం దగ్గర ఢాబాలో ఒక పెద్ద డ్రైవరు అడిగాడు. నమస్తే అన్నలూ, టీ తాగుతూ ఆయనకి చెప్పిందే మీకూ చెప్తా.

2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే లారీలకి, అంటే మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటే సరుకు బండ్లకి, క్యాబిన్‌లో ఏసీ ఉండి తీరాలని కేంద్రం రూల్ పెట్టింది. మా ఓనరు కొన్నదీ ఆ తర్వాత వచ్చిందే. కంపెనీ ఏదని అడగొద్దు, ఈ వీడియో ఏసీ గురించే. విశాఖలో లోడు ఎత్తి, విజయవాడ, హైదరాబాద్ మీదుగా నాగ్‌పూర్‌కి సుమారు 1,100 కిలోమీటర్లు తోలాను.

నక్కపల్లి దగ్గర రాత్రి వాన పట్టుకుంది. ఈ తీరం సంగతి మీకు తెలిసిందే, హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబర్ 12న, తిత్లీ కూడా 2018 అక్టోబర్‌లోనే. పాత బండిలో అయితే అద్దం దించితే తడుస్తాం, ఎత్తితే మన ఊపిరికే ముందద్దం తెల్లబడిపోతుంది. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో గుడ్డ. ఈ బండిలో ఏసీ వేసి గాలిని అద్దం మీదకి తిప్పగానే నిమిషంలో రోడ్డు కనపడింది. ఏసీ లోపలి గాలిలో చెమ్మ లాగేస్తుంది, అందుకే. లోపలి గాలే తిరిగే బటన్ మాత్రం నొక్కొద్దు, బయటి గాలి రానివ్వాలి. అదే గాలి గంటలకొద్దీ పీలిస్తే మత్తుగా కూడా ఉంటుంది.

ఇక్కడే నేనొక తప్పు చేశా. చల్లగా బాగుందని ఫుల్లుగా పెట్టేశా. కాసేపటికి మళ్లీ మసక! గుడ్డతో ఎంత తుడిచినా పోదు. తీరా చూస్తే ఆవిరి పట్టింది బయటి వైపు. అద్దం బాగా చల్లబడితే బయటి ఉక్కకి అలా పడుతుంది. వైపర్ వేసి, చల్లదనం తగ్గిస్తే పోయింది. ఆదిలాబాద్ దగ్గర తెల్లవారుజామున దీనికి రివర్స్: బయట చలి, ఆవిరి లోపల. అక్కడ ఏసీతో పాటు హీటర్ కలిపితే అద్దం తేటపడింది.

ఇక నచ్చని సంగతి. అద్దాలు మూసేస్తే బండి మాట వినపడదు. టైరు తేడాగా కొట్టుకున్నా, ఎయిర్ లీకైనా పాత బండిలో చెవికి తెలిసేది. అందుకే ఆగిన ప్రతిచోటా దిగి టైర్లు తట్టి చూస్తున్నా.

నిర్మల్ దాటాక హైవే వదిలి ఊరి దారి పట్టిన కాసేపట్లో ఏసీ ఏమీ చేయలేని సంగతి ఎదురైంది: రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. సగం రోడ్డు ధాన్యమే, అంచున రాళ్లు, రాత్రి వాటి మీద నల్ల పట్టా. హెడ్‌లైట్‌లో ఆ రాళ్లు దగ్గరికొచ్చేదాకా కనపడవు, వడ్ల మీద బ్రేకు కొడితే బండి జారుతుంది. ఈ నెలల్లో అలాంటి దారుల్లో 40 దాటను. రైతుని తిట్టి లాభం లేదు, ఆయనకి కళ్లం లేదు.

సీటు బాగుంది, నడుము పట్టలేదు. కానీ సుఖంగా ఉందని ఎక్కువ గంటలు తోలించాలని చూస్తారు కొందరు ఓనర్లు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే డ్రైవరుకి రోజుకి 8 గంటల పని అని రాశారు, ఎంతమందికి దక్కిందో మీరే చెప్పండి. ఇంకోటి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి, అద్దాలు బిగించి ఏసీలో పడుకోవద్దు. పొగ లోపలికి లీకైతే నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఏసీ లేని పాత బండి అన్నలూ, మీరు బయల్దేరే ముందు ముందద్దం లోపలి వైపు శుభ్రంగా తుడవండి. జిడ్డు, దుమ్ము ఉంటే ఆవిరి ఇంకా అంటుకుంటుంది. వానలో రెండు పక్కలా అద్దాలు వేలెడు దించి పెట్టండి. క్లీనర్ తడి తువ్వాలు క్యాబిన్‌లో ఆరేస్తే మాత్రం, వాడికే గుడ్డ ఇచ్చి అద్దం ముందు కూర్చోబెట్టండి.