పీఎంపీ పరీక్షలో మిమ్మల్ని ముంచేది మీ అనుభవమే!

పీఎంపీ అంటే ప్రాజెక్టులు నడిపేవాళ్లకు అమెరికా సంస్థ ఒకటి పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికెట్. ఆ పరీక్షలో నేను మొదటిసారి ఫెయిలయ్యాను. ముందే చెప్పేస్తున్నాను, రేపు ఎవరో తవ్వి తీసినట్టు బయటపెట్టే శ్రమ లేకుండా. పదకొండేళ్లు సైటులో ఎండకు ఎండి వానకు తడిసినవాణ్ని, నాలుగు కల్వర్టులు, రెండు చెక్‌డ్యాములు, ఒక బడి భవనం దగ్గరుండి కట్టించినవాణ్ని, ఫెయిలయ్యాను. అదే నెలలో రాసిన మా పిన్ని కొడుకు మొదటి దెబ్బకే పాసయ్యాడు. వాడు హైదరాబాదులో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి. తడి కాంక్రీటులో కాలు పెట్టి ఎరగడు.

ఎందుకిలా జరిగింది? నాకు అనుభవం ఎక్కువైంది. అంతే. ఈ రోజు వీడియో మొత్తం ఈ ఒక్క మాట మీదే. ఎన్నిసార్లు తిట్టినా ఇదే చెబుతాను: ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పరీక్షలో మిమ్మల్ని ముంచేది మీ అనుభవమే.

రెండో ప్రయత్నంలో పాసై, పోయిన వారం సర్టిఫికెట్ చూపించినందుకు కామెంట్లలో మీరు చేసిన కురుక్షేత్రం చూశాను. "49 ప్రాసెస్‌లు బట్టీ పట్టకుండా పాసయ్యానంటే నమ్మడానికి మేం చెవుల్లో పూలు పెట్టుకున్నామా?" అని ఒకరు. "పర్లాకిమిడిలో కూర్చున్న డిప్లొమావాడికి అమెరికా సర్టిఫికెట్ ఎలా వచ్చింది, ఎంతకు కొన్నావు?" అని ఇంకొకరు. ఇక పదిహేను రోజుల్లో గ్యారంటీ పాస్ అని కోర్సు అమ్ముకునే ఒక బోధకుడైతే నా మీద ఏకంగా ఇరవై నిమిషాల వీడియో చేశాడు. పేరు చెప్పను. ఆయనకు ఊరికే ప్రచారం చేసిపెట్టే ఉద్దేశం నాకు లేదు.

ముందు డిప్లొమా గోల తేల్చేద్దాం. నేను దరఖాస్తు పెట్టిన నాటి నిబంధన ప్రకారం, నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లు గత ఎనిమిదేళ్లలో 36 నెలలు ప్రాజెక్టులు నడిపి ఉండాలి. ఆ డిగ్రీ లేనివాళ్లు 60 నెలలు నడిపి ఉండాలి. ఎవరైనా సరే, 35 గంటల శిక్షణ చూపాలి. నిబంధన ఇంతే. డిప్లొమావాళ్లను గేటు బయట ఆపే మాట ఎక్కడా లేదు. పైగా దరఖాస్తుల్లో కొన్నింటిని ఏరి ఆడిట్ చేస్తారు. నా దురదృష్టం, నాది తగిలింది. రాసిన ప్రతి ప్రాజెక్టుకూ పైవాళ్ల చేత సంతకం పెట్టించి పంపాలి. పాత కాంట్రాక్టరు గారిని వెతుక్కుంటూ వెళితే, ఆయన సిమెంటు బస్తాల మీద కాగితం పరిచి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఒక్కో పేజీ తిప్పి చూశారు. చివరికి అడిగారు: "ఇది ఏ బ్యాంకు అప్పుకు హామీ బాబూ?" హామీ కాదని ఒప్పించడానికి రెండు టీలు అయ్యాయి. ఎంతకు కొన్నావని అడిగినవారికి ఇదే జవాబు. రెండు టీలు.

ఇక 49 ప్రాసెస్‌ల సంగతి. ప్రాజెక్టు నడిపే పనిని 49 మెట్లుగా విడగొట్టిన ఆ లెక్క 2017లో వచ్చిన పీఎంబాక్ ఆరో కూర్పుది. పీఎంబాక్ అంటే పీఎంపీవాళ్ల మార్గదర్శి పుస్తకం. 2021లో ఏడో కూర్పు వచ్చి, పుస్తకాన్ని 12 సూత్రాలు, ఎనిమిది విభాగాల చుట్టూ తిరగరాసింది. అదే ఏడు జనవరిలో పరీక్ష తీరూ మారింది. మనుషులతో వ్యవహారానికి 42 శాతం, పని నడిపే పద్ధతులకు 50 శాతం, సంస్థ వ్యాపార వాతావరణానికి ఎనిమిది శాతం. ప్రశ్నల్లో దాదాపు సగం అజైల్ (పనిని చిన్న ముక్కలుగా చేస్తూ, దారిలో మార్చుకుంటూ పోవడం), హైబ్రిడ్ (పాత పద్ధతి, అజైల్ కలగలుపు) పద్ధతుల మీదే. నా రెండు ప్రయత్నాలూ ఈ లెక్క మీదే జరిగాయి. ఇంత జరిగాక కూడా ఆ పాత 49 ప్రాసెస్‌ల పట్టిక గోడకు అంటించి పొద్దున లేవగానే సుప్రభాతంలా చదివించే గురువులను ఏమనాలి? ఎక్కాలు వచ్చినంత మాత్రాన కిరాణా కొట్టు నడపగలమా!

సరే, అసలు విషయానికి వస్తాను. పరీక్షలో వచ్చిన ప్రశ్నలు బయట చెప్పబోమని మనం ఒప్పుకుని రాస్తాం. కాబట్టి ఇది నేను అల్లిన ప్రశ్న, పోలిక మాత్రం అదే. సరఫరాదారు ఫోన్ చేసి సామగ్రి రెండు వారాలు ఆలస్యమవుతుందన్నాడు. ప్రాజెక్ట్ మేనేజర్ మొదట ఏం చేయాలి? ఒకటి, వేరే సరఫరాదారుకు ఆర్డరు ఇవ్వాలి. రెండు, పై అధికారికి చెప్పాలి. మూడు, ఆ ఆలస్యం షెడ్యూలు మీద ఎంత పడుతుందో చూడాలి. నాలుగు, ఒప్పందం ప్రకారం జరిమానా వేయాలి.

పదకొండేళ్ల సైటు మనిషి ఏం పెడతాడు? ఒకటి! కళ్లు మూసుకుని ఒకటి! ఇసుక లారీ రాకపోతే షెడ్యూలు కాగితం ముందేసుకుని కూర్చుంటానా? పాతపట్నంలో తెలిసినవాడికి ఫోన్ చేస్తాను, వాడు లేదంటే ఇంకొకడికి చేస్తాను, మధ్యాహ్నానికల్లా ఇసుక దింపిస్తాను. కూలీలు నలభై మంది చెట్టు కింద కూర్చుని ఉంటే ఇంకేం చేస్తాం? కానీ జవాబు మూడు. ఎప్పుడూ మూడు లాంటిదే. ప్రశ్నలో "మొదట" అనే మూడక్షరాలు ఉన్నాయి చూశారా, నా మొదటి ప్రయత్నాన్ని మింగినవి అవే. ఆ ఆలస్యమైన సామగ్రి క్రిటికల్ పాత్ మీద, అంటే ఒక్కటి ఆగినా మొత్తం ప్రాజెక్టు ఆలస్యమయ్యే పనుల వరుసలో, ఉందో లేదో తెలియదు. లేకపోతే రెండు వారాలు ఆగినా ప్రాజెక్టు ముగిసే రోజు కదలకపోవచ్చు. అది చూడకుండానే నేను కొత్తవాడికి డబ్బు కట్టేశాను. మా పిన్ని కొడుకు ఎప్పుడూ లారీ కోసం ఎదురుచూడలేదు కాబట్టి తాపీగా మూడు పెట్టాడు. ఇప్పుడు చెప్పండి, ఎవరిని ఏది ముంచింది?

ఇంకో ఉదాహరణ, ఇది కడుపు మండి చెబుతున్నాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీద పడ్డ సంగతి ఇక్కడివాళ్లెవరూ మరచిపోరు. ముందురోజు సాయంత్రం మా మేస్త్రీ ఆకాశం చూసి, ఎవరినీ అడగకుండా, నూట ఇరవై బస్తాల సిమెంటు బడి వరండాలోకి చేరవేయించాడు. ఒక్క బస్తా తడవలేదు. నా దృష్టిలో ఆయనకు కాళ్లు కడగాలి. పరీక్ష దృష్టిలో? రిస్క్ రిజిస్టర్, అంటే రాబోయే ముప్పులు రాసిపెట్టే చిట్టా, ఎక్కడ? ఆ రిస్కుకు బాధ్యుడిగా ఎవరి పేరు రాశారు? ముందే ఒప్పుకున్న ప్రతిస్పందన ఏమిటి? మేస్త్రీ రిజిస్టర్ ఆయన బుర్రలో ఉంది, అది ఎవరికీ కనిపించదు. ఆయనకు జ్వరం వచ్చిన రోజున తుపాను వస్తే సిమెంటు రాయి అవుతుంది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఒక ఫెయిలు, రెండోసారి కట్టిన ఫీజు పట్టాయి. ఆ పరీక్షలో వీరులకు మార్కులు వేయరు.

మరి ఎవరికి వేస్తారు? ఇక్కడ నా సొంత సిద్ధాంతం. నవ్వినా ఫరవాలేదు. ఆ పరీక్ష రాసిన అమెరికావాళ్లకు తెలియకుండానే వాళ్లు మన రచ్చబండ పెద్దమనిషి కోసం వెతుకుతున్నారు.

మా తాత నీళ్ల తగవులు తీర్చేవాడు. కాలువ కింద ఒకడిది తెలుగు, ఒకడిది ఒడియా, ఎగువన కొండ మీదవాళ్లది సవర. ముగ్గురూ ఒకేసారి అరుస్తుంటే ఆయన చుట్ట వెలిగించుకుని కూర్చునేవాడు. చుట్ట సగం అయ్యేదాకా నోరు విప్పడు. తర్వాత ఒక్కొక్కరినీ వాళ్ల భాషలోనే "నువ్వు చెప్పు" అనేవాడు. అంతా విన్నాక కూడా తీర్పు చెప్పడు. లేచి కాలువ గట్టు మీద నడిచి, మడవ ఎక్కడ తెగిందో కళ్లతో చూసి, ముగ్గురినీ అక్కడే నిలబెట్టి, "ఏం చేద్దాం?" అని వాళ్లనే అడిగేవాడు. విను, చూడు, అందరినీ కూర్చోబెట్టు, ఆ తర్వాతే కదులు. పీఎంపీ కోరే క్రమం అచ్చంగా ఇదే! దానికి వాళ్లు, సేవ చేస్తూ నడిపించడం అనే అర్థంలో, సర్వెంట్ లీడర్‌షిప్ అని పేరు పెట్టుకున్నారు, మా తాత పేరేమీ పెట్టలేదు. ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో పుట్టిన మనకు ఇది పాలతో అబ్బింది. సైటుకు వెళ్లి గొంతు పెంచడం నేర్చుకుని పోగొట్టుకున్నాం.

ఇదే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా ఉంటూ ఏం చేశారు? కొండ మీది సవరలకు చదువు చెప్పాలనుకుని, ముందు తాను వాళ్ల భాష నేర్చుకున్నారు. చదువు తర్వాత, భాష ముందు. కమ్యూనికేషన్ ప్రణాళిక, అంటే ఎవరికి ఏది ఎలా చెప్పాలో ముందే అనుకోవడం, ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ సంగతే చెబుతాను. ఇంతకీ ఈ పరీక్ష తెలుగులో లేదు. అదొక బాధ. ఇంగ్లీషులో ఐదారు వరుసల ప్రశ్న, అందులో మూడు వరుసలు వట్టి పొట్టు. నేను చివరి వాక్యం ముందు చదివి, ఆ తర్వాత పైకి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. నేను రాసినప్పుడు 180 ప్రశ్నలకు 230 నిమిషాలు. అంటే ఒక్కోదానికి 77 సెకన్లు దాటకూడదు.

"పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి 1898లో మొదలుపెట్టి 1900 కల్లా నౌపడ నుంచి ఊరికి రైలు తెచ్చారు, ఆయనకు పీఎంపీ ఉందా?" అని ఒక పెద్దాయన అడిగారు. బాగుంది! లేదు, పీఎంపీ మొదలైందే 1984లో. నలభై కిలోమీటర్ల చిన్న లైను, ఏడు లక్షల ఖర్చు, రెండేళ్లు. అదే లైను గుణుపురం చేరేసరికి 1931 అయింది, మొత్తం బ్రాడ్‌గేజీ అయ్యేసరికి 2011. రాజుగారి పని చూసి నాకూ గర్వమే. కానీ అయ్యా, రాజుగారు ఫైలు ఎవరి బల్ల మీదికీ పంపనక్కర్లేదు. మనం పంపాలి.

లెక్కలంటే భయపడేవాళ్లకు ఒక్క నిమిషం. పది లక్షల కల్వర్టు అనుకోండి. ఈ రోజుకు ఐదు లక్షల విలువైన పని కావాలి, నాలుగు లక్షలదే అయింది, ఖర్చు మాత్రం ఐదు లక్షలు. అయిన పని నాలుగును అయిన ఖర్చు ఐదుతో భాగిస్తే 0.8. అంటే పెట్టిన రూపాయికి ఎనభై పైసల పనే దక్కుతోంది. ఇదే తీరున సాగితే పది లక్షలను 0.8తో భాగించండి, పన్నెండున్నర లక్షలకు తేలుతుంది. కాంట్రాక్టరుకు ఈ లెక్క నిద్రలో కూడా తెలుసు, పేరే తెలియదు. ఎర్న్‌డ్ వాల్యూ అంటారు. అయిపోయింది, దీనికి భయమెందుకు?

రెండోసారి నేను ఎలా చదివానో చూపిస్తాను. ఇదిగో ఈ నోటు పుస్తకం, దగ్గరగా చూడండి. అట్ట మీద టీ మరక ఉంది, క్షమించండి. పేజీ మధ్యలో గీత. ఎడమవైపు "సైటులో నేనైతే", కుడివైపు "పరీక్ష కోరేది". నమూనా ప్రశ్న తప్పు పోయినప్పుడల్లా రెండువైపులా రాశాను. ఎడమ: జె.ఇ. (జూనియర్ ఇంజనీరు) గారు నోటితో డ్రాయింగు మార్చమన్నారు, మార్చేశాను. కుడి: మార్పు కోరుతూ కాగితం పెట్టించు, ప్రభావం లెక్కగట్టు, ఆమోదం వచ్చాకే పని. ఎడమ: ఇద్దరు మేస్త్రీలు కొట్టుకున్నారు, ఒకణ్ని పంపేశాను. కుడి: ఇద్దరినీ విడిగా కూర్చోబెట్టి కారణం తెలుసుకో. నాలుగు నెలల్లో ఎడమవైపు నిండింది. చదువుతుంటే నా మీద నాకే జాలి వేసింది.

రాత్రి బస్సులో భువనేశ్వర్ వెళ్లి రాశాను. 60 ప్రశ్నల తర్వాత పది నిమిషాల విరామం, 120 తర్వాత ఇంకోటి. విరామానికి లేస్తే వెనకటి ప్రశ్నలకు తిరిగి వెళ్లలేరు, గుర్తుంచుకోండి. పాస్ మార్కు ఎంతో వాళ్లు ప్రకటించరు. మార్కులే చెప్పని పరీక్షకు గ్యారంటీ ఎలా ఇస్తున్నావయ్యా అని ఆ బోధకుణ్ని మీరే అడగండి. ఏడాది గడువులో మూడుసార్లు రాయవచ్చు కాబట్టి, ఒకసారి పడ్డవాళ్లు మంచం ఎక్కనక్కర్లేదు.

ఇప్పుడు మీకో ప్రశ్న, నేను అల్లిందే. రేపు స్లాబు. సెంట్రింగ్ అయిపోయింది, కూలీలు వచ్చేశారు. సాయంత్రం ఊరి సర్పంచ్ వచ్చి "ఈ భవనానికి మెట్లు ఇటువైపు ఉండాలని ముందే అన్నాం కదా" అన్నాడు. డ్రాయింగులో అటువైపు ఉన్నాయి. మీరు మొదట ఏం చేస్తారు? ఒకటి, స్లాబు ఆపేస్తారు. రెండు, డ్రాయింగు చూపించి ఆయన్ని పంపేస్తారు. మూడు, ఆయన మాట ఎక్కడ నమోదైందో, ముందు ఏం ఒప్పుకున్నారో వెతికి చూస్తారు. నాలుగు, జె.ఇ. గారికి ఫోన్ చేస్తారు. జవాబు కామెంట్లలో రాయండి, కింద మీకు ఎన్నేళ్ల అనుభవం ఉందో కూడా రాయండి. శుక్రవారం లెక్క తీస్తాను. పదేళ్లు దాటినవాళ్లలో ఎంతమంది ఒకటి పెడతారో నాకు ఇప్పుడే తెలుసు.